చెయ్యి వణుకుతోంది, ఎంఆర్‌ఐ నార్మల్ అంటోంది: పార్కిన్సన్స్‌లో ఏ స్కాన్ ఏం చెబుతుంది?

ఇలా ఊహించుకోండి. మీరు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం చేస్తున్నారు. అమ్మానాన్నలు కోనసీమ వైపు, మండపేటకు దగ్గర్లోని రాయవరంలో ఉంటున్నారు. ఓ సాయంత్రం నాన్న ఫోన్ చేశారు. ‘‘కాకినాడ వెళ్లి తల స్కాన్ తీయించుకొచ్చాన్రా. అంతా నార్మలేనంట. వణుకు వయసు మీదొచ్చిందేలే’’ అన్నారు. వాట్సాప్‌లో రిపోర్టు ఫొటో వచ్చింది. చివరి లైన్‌లో మెదడులో చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదని ఉంది. మీ ప్రాణం కుదుటపడింది.

రెండు నెలల తర్వాత పండక్కి ఊరెళ్లారు. నాన్న నడుస్తుంటే ఎడమ చెయ్యి ఊగుతోంది, కుడి చెయ్యి మాత్రం ఒంటికి అతుక్కున్నట్టు ఉంటోంది. చొక్కా గుండీలు అమ్మ పెడుతోంది. బ్యాంకు చెక్కు మీద సంతకం చీమల బారులా చిన్నదైపోయింది. స్కాన్ నార్మల్ అన్నారు కదా, మరి ఇదేంటి?

ఇక్కడ ఎవరూ అబద్ధం చెప్పలేదు. స్కాన్ సెంటర్ కూడా తప్పు చేయలేదు. పార్కిన్సన్స్ వచ్చిన వాళ్లలో ఎక్కువ మందికి మామూలు ఎంఆర్‌ఐ నార్మల్‌గానే ఉంటుంది. ఈ ఒక్క సంగతి తెలియక ఎన్నో ఇళ్లలో వైద్యం ఆలస్యమవుతుంది. దీనికి పూర్తి విరుద్ధంగా జరిగేదీ ఉంది. డాక్టర్ చూసి చెప్పేసిన జబ్బుకు ‘ఇంకా పెద్ద స్కాన్’ కావాలని కుటుంబమే పట్టుబట్టి, వేల రూపాయలు పెట్టి రంగురంగుల బొమ్మ తెచ్చుకుంటుంది. ఆ బొమ్మ వల్ల వేసుకునే మాత్ర కూడా మారదు. అందుకే ఏ స్కాన్ ఏ ప్రశ్నకు జవాబు చెబుతుందో, ఏ ప్రశ్నకు చెప్పలేదో ఇక్కడ చూద్దాం.

జబ్బును పట్టేది ముందుగా డాక్టర్ చేతులే

మెదడు అడుగు భాగంలో, మధ్యమెదడులో, చిన్న నల్లటి చార లాంటి భాగం ఒకటుంటుంది. పేరు సబ్‌స్టాన్షియా నైగ్రా. లాటిన్‌లో ‘నల్లని పదార్థం’ అని అర్థం. అక్కడి కణాలు డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసి, పైనున్న స్ట్రయేటమ్ అనే భాగానికి సన్నని తీగల ద్వారా పంపుతాయి. మనం అనుకున్న వెంటనే చెయ్యి కదలాలన్నా, అడుగు పడాలన్నా ఈ సరఫరా సరిగా సాగాలి. పార్కిన్సన్స్‌లో ఆ కణాలు ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా చనిపోతాయి. స్ట్రయేటమ్‌కు చేరే డోపమైన్ సగానికి పైగా పడిపోయాక గానీ వణుకు, నెమ్మదితనం బయటపడవు. అంతకు ముందే మలబద్ధకం, వాసన తెలియకపోవడం, నిద్రలో అరవడం, కాళ్లూ చేతులూ విసరడం లాంటివి కొందరిలో ఏళ్లకేళ్లు ఉంటాయి. వాటిని ఎవరూ మెదడుకు ముడిపెట్టరు.

లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో ఈ జబ్బును వర్ణించినప్పుడు ఎక్స్‌రే కూడా లేదు. ఆయన మనుషుల నడకను చూసి రాశారు. రెండు వందల ఏళ్లు దాటినా పద్ధతి పెద్దగా మారలేదు. డాక్టర్ చూసే మొదటి విషయం వణుకు కాదు, నెమ్మదితనం. బొటనవేలు, చూపుడువేలు కలిపి టకటకా కొట్టమంటారు. కొట్టే కొద్దీ వేళ్ల మధ్య ఎడం తగ్గిపోతోందా అని చూస్తారు. దానికి తోడు విశ్రాంతిలో వణుకో, కీళ్ల దగ్గర బిగుతో ఉండాలి. లక్షణాలు సాధారణంగా ఒక పక్కే మొదలవుతాయి. లెవోడోపా మాత్రతో బాగా తేరుకుంటే అది కూడా ఒక రుజువే.

ఈ పద్ధతిలో పొరపాట్లు లేవా? ఉన్నాయి. చనిపోయిన తర్వాత మెదడును పరీక్షించి చూసిన పలు అధ్యయనాలను కలిపి 2016లో లెక్కేస్తే, వైద్యులు చేసిన నిర్ధారణ సుమారు 80 శాతం సరైనదని తేలింది. అంటే అయిదుగురిలో ఒకరి దగ్గర లెక్క తప్పుతోంది. స్కాన్‌లకు పని పడేది ఆ అయిదో మనిషి దగ్గరే.

ఎంఆర్‌ఐ ఎందుకు రాస్తారంటే

‘నార్మల్ వస్తుందని తెలిసీ ఎందుకు చేయిస్తారు?’ అని మీరు అడగొచ్చు. పార్కిన్సన్స్‌ను పట్టుకోవడానికి కాదు, అదే వేషంలో వచ్చే మిగతా వాటిని పట్టుకోవడానికి.

చిన్న చిన్న పక్షవాతాలు పేరుకుపోయి నడక మందగించవచ్చు. మెదడులో నీరు చేరి, అడుగులు నేలకు అంటుకుపోయినట్టు అయి, మూత్రం ఆగకపోవడం, మతిమరుపు రావచ్చు. ఇది గుర్తిస్తే ఆపరేషన్‌తో బాగుపడే అవకాశం ఉన్న జబ్బు. ఎప్పుడో బాత్రూమ్‌లో జారిపడితే పుర్రె కింద రక్తం చేరి ఉండొచ్చు. నలభై ఏళ్ల లోపు వారికి వణుకు వస్తే రాగి ఒంట్లో పేరుకుపోయే విల్సన్స్ జబ్బేమో చూడాలి. వీటి జాడలు ఎంఆర్‌ఐలో చాలావరకు దొరుకుతాయి.

పార్కిన్సన్స్‌కు దగ్గరి దాయాదులు రెండున్నాయి. పీఎస్‌పీ అనే జబ్బులో మధ్యమెదడు కుంచించుకుపోతుంది. పక్క నుంచి తీసిన బొమ్మలో అది హమ్మింగ్‌బర్డ్ తల, ముక్కులా కనిపిస్తుంది కాబట్టి ఆ పక్షి పేరే పెట్టారు. ఎంఎస్‌ఏ అనే జబ్బు ముదిరితే మెదడు కాండంలో బన్ను మీద కత్తితో గీసిన ప్లస్ గుర్తులాంటిది రావచ్చు. ఈ రెండూ పార్కిన్సన్స్ కన్నా వేగంగా ముదురుతాయి, లెవోడోపాకు అంతగా లొంగవు. కాబట్టి కుటుంబం ముందుగా తెలుసుకోవాల్సిన తేడా ఇది. కానీ తొలి ఏడాదిలో ఈ గుర్తులు కనిపించకపోవచ్చని కూడా గుర్తుంచుకోండి.

ఇక పార్కిన్సన్స్‌ను నేరుగా ఎంఆర్‌ఐలో చూడలేమా? కొంతవరకు చూడొచ్చు, మెషీన్ బలంగా ఉంటే. మన చిన్న పట్టణాల్లో ఎక్కువగా ఉండేవి 1.5 టెస్లా యంత్రాలు. 3 టెస్లా యంత్రంలో ఇనుము జాడను పట్టే ఎస్‌డబ్ల్యూఐ అనే ప్రత్యేక పద్ధతిలో తీస్తే, ఆరోగ్యంగా ఉన్న సబ్‌స్టాన్షియా నైగ్రాలో రెండు నల్ల గీతల మధ్య తెల్లటి చీలిక కనిపిస్తుంది. ఇంగ్లిష్ వాళ్లు దాన్ని స్వాలో పిట్ట తోక అన్నారు. గోదావరి పొలాల్లో గేదెల వీపుల మీద వాలే పసులపోలిగాడి తోక గుర్తుచేసుకోండి, అచ్చం అలాగే రెండుగా చీలి ఉంటుంది. పార్కిన్సన్స్‌లో అక్కడ ఇనుము చేరడంతో ఆ చీలిక మూసుకుపోతుంది. బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్ పరిశోధకులు 2014లో దీన్ని వెలుగులోకి తెచ్చారు.

వినడానికి తేలిగ్గా ఉన్నా, ఆ తోక కొన్ని మిల్లీమీటర్ల వ్యవహారం. తల కొద్దిగా కదిలినా చెదిరిపోతుంది. అలవాటున్న రేడియాలజిస్టు చూడాలి. పీఎస్‌పీ, ఎంఎస్‌ఏలలో కూడా తోక మాయం కావచ్చు. రిపోర్టులో దీని ప్రస్తావనే లేకపోతే తోక బాగుందని కాదు, బహుశా దానికోసం ఎవరూ చూడలేదని అర్థం.

కామా, ఫుల్‌స్టాప్

ఎంఆర్‌ఐ చూపించేది మెదడు ఆకారాన్ని. డోపమైన్ సరఫరా నడుస్తోందా లేదా అన్నది చూడాలంటే వేరే దారి పట్టాలి. నరంలోకి కొద్దిగా రేడియోధార్మికత ఉన్న మందు ఎక్కిస్తారు. అది వెళ్లి డోపమైన్ తీగల చివర్లకు అతుక్కుంటుంది. పైన కెమెరా ఆ వెలుగును లెక్కిస్తుంది.

ఆరోగ్యంగా ఉన్నవారి బొమ్మలో మెదడు మధ్యన రెండు పక్కలా రెండు కామాలు మెరుస్తాయి. కామా తల కాడేట్ అనే భాగం, తోక పుటామెన్. పార్కిన్సన్స్‌లో ముందు తోక ఆరిపోతుంది, అదీ వెనక కొస నుంచి. చివరికి కామా కాస్తా ఫుల్‌స్టాప్ అవుతుంది. కుడి చెయ్యి వణికితే ఎడమ పక్క కామా ముందు చెరుగుతుంది, ఎందుకంటే మెదడు ఎదుటి పక్కను నడుపుతుంది. రేడియాలజీ చదవని వాళ్లు కూడా ఈ బొమ్మ చూసి తేడా చెప్పగలరు. కుటుంబాలకు దీని మీద అంత మోజు ఉండటానికి అదో కారణం.

ఈ కోవలో మూడు పేర్లు మీకు వినిపించవచ్చు. అమెరికా, ఐరోపాలలో డాట్‌స్కాన్ వాడతారు. ఐరోపాలో 2000లో, అమెరికాలో 2011లో అనుమతి వచ్చింది. మన దేశంలో ఎక్కువగా వాడేది ట్రోడాట్. మూడోది ఎఫ్‌-డోపా పెట్ స్కాన్. మనిషి మెదడులో దీన్ని తొలిసారి 1983లో కెనడా శాస్త్రవేత్తలు చూపించారు. అమెరికా ఔషధ సంస్థ అనుమతి మాత్రం 2019లో వచ్చింది.

మనకు ట్రోడాటే ఎందుకు? దీని వెనక ఓ లెక్క ఉంది. ట్రోడాట్‌లో వాడే టెక్నీషియం ఎముకల స్కాన్‌కూ, గుండె స్కాన్‌కూ వాడేదే. న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలో ఉండే చిన్న జనరేటర్ నుంచి ఏ రోజుకారోజు దాన్ని తీసుకుంటారు. ఆ పనిని అక్కడి సిబ్బంది ‘ఆవును పితకడం’ అంటారు, నిజంగానే. దాని శక్తి సగమవడానికి ఆరు గంటలు పడుతుంది. ఎఫ్‌-డోపాలోని ఫ్లోరిన్ మాత్రం 110 నిమిషాలకే సగమవుతుంది, పైగా దాన్ని తయారుచేయడానికి సైక్లోట్రాన్ కావాలి. హైదరాబాద్‌లో తయారైన మందు రోడ్డు మీద తొమ్మిది గంటలు ప్రయాణించి గోదావరి ఒడ్డుకు చేరేసరికి సుమారు ముప్పయ్యో వంతే మిగులుతుంది. అందుకే మందు మన దగ్గరికి రాదు, మనమే దాని దగ్గరికి వెళ్లాలి.

పరీక్ష రోజున ఏం జరుగుతుందో చెప్పుకుందాం. ట్రోడాట్ ఇంజెక్షన్ ఇచ్చాక మూడు, నాలుగు గంటలు ఆగి బొమ్మ తీస్తారు. అప్పుడు అరగంటకు పైగా కదలకుండా పడుకోవాలి. నొప్పి ఉండదు. రేడియేషన్ కొద్దిగానే ఉంటుంది, అయినా గర్భిణులకు చేయరు. లెవోడోపా మాత్ర ఈ ఫలితాన్ని పెద్దగా మార్చదు. డిప్రెషన్‌కూ, పొగ మానడానికీ ఇచ్చే బుప్రోపియాన్, ఏకాగ్రత లోపానికి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ లాంటివి మారుస్తాయి. ఏ మందు ఎన్ని రోజుల ముందు ఆపాలో రాసిన డాక్టరే చెప్పాలి, మీరై ఆపకండి.

గ్యాస్ మాత్ర తెచ్చిన వణుకు

ట్రోడాట్ నిజంగా అక్కరకొచ్చే సందర్భాలు రెండు. మొదటిది చాలామందికి తెలిసిన తికమక: ఇది పార్కిన్సన్సా, లేక ఎసెన్షియల్ ట్రెమర్ అనే మామూలు వణుకా? రెండోదానిలో టీ గ్లాసు నోటి దగ్గరికి తెచ్చేటప్పుడు చెయ్యి వణుకుతుంది, ఒళ్లో పెట్టుకుంటే ఆగుతుంది. తరచుగా ఇంట్లో ఇంకెవరికో కూడా ఉంటుంది. అందులో కామాలు చెక్కుచెదరవు. అమెరికాలో డాట్‌స్కాన్‌కు తొలి అనుమతి ఈ రకమైన తేడా తేల్చడానికే ఇచ్చారు.

రెండో సందర్భం గురించి మన దగ్గర మాట్లాడాల్సినంత మాట్లాడుకోవడం లేదని నా అభిప్రాయం. కడుపు ఉబ్బరానికి, గ్యాస్‌కు మందుల షాపులో అడిగి తెచ్చుకునే కొన్ని క్యాప్సూల్స్‌లో యాసిడ్ తగ్గించే మందుతో పాటు లెవోసల్పిరైడ్ అనే మందు కలిసి ఉంటుంది. అది మెదడులో డోపమైన్ పని చేసే చోట అడ్డం కూర్చుంటుంది. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, కళ్లు తిరగడానికి ఇచ్చే సిన్నారిజిన్, ప్రోక్లోర్‌పెరజిన్, మైగ్రేన్‌కు ఇచ్చే ఫ్లునారిజిన్, మానసిక జబ్బులకు ఇచ్చే కొన్ని మందులు కూడా అంతే. కొన్ని రోజులకు పరవాలేదు. నెలల తరబడి వాడిన పెద్దవాళ్లలో మాత్రం అచ్చం పార్కిన్సన్స్ లాంటి వణుకు, నెమ్మదితనం రావచ్చు.

అప్పుడు జరిగేదేంటంటే, ఆ వణుకును చూసి లెవోడోపా మొదలుపెడతారు. దానివల్ల వికారం వస్తే మళ్లీ కడుపు మాత్ర వేసుకుంటారు. చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఇలాంటి మందుల వల్ల వచ్చిన వణుకులో డోపమైన్ తీగలు చెడిపోవు కాబట్టి ట్రోడాట్ నార్మల్‌గా వస్తుంది. మందు ఆపితే చాలామంది కోలుకుంటారు, కాకపోతే కొందరికి ఆరు నెలలు, అంతకన్నా ఎక్కువ కూడా పట్టొచ్చు. స్కాన్‌లో కామాలు చెరిగి కనిపిస్తే, లోపల ఉన్న పార్కిన్సన్స్‌ను ఆ మాత్ర ముందుగా బయటపెట్టిందని అర్థం. ఇలా రెండు దారుల్లో ఏది అనేది తేల్చడానికి ఆ ఖర్చు చేయడం సబబే. చాలాసార్లు అసలు స్కానే అవసరం పడదు, మాత్రల పట్టీ చూపిస్తే డాక్టర్‌కు అక్కడే విషయం తెలిసిపోతుంది.

మరి ట్రోడాట్ చెప్పలేనిది? పార్కిన్సన్స్, పీఎస్‌పీ, ఎంఎస్‌ఏ మూడింటిలోనూ కామాలు చెరుగుతాయి. ఈ ముగ్గురు దాయాదుల్లో ఎవరన్నది అది తేల్చదు. దానికి ఎంఆర్‌ఐ, మెదడు ఏ భాగం ఎంత చక్కెర వాడుతోందో చూపే ఎఫ్‌డీజీ పెట్, అన్నిటికన్నా ముఖ్యంగా ఏడాది రెండేళ్ల పరిశీలన కావాలి. జపాన్‌లో ఇంకో తమాషా పరీక్ష వాడతారు. మెదడు జబ్బుకు గుండె స్కాన్ తీస్తారు. పార్కిన్సన్స్‌లో గుండెకు వెళ్లే నరాల కొసలు కూడా దెబ్బతింటాయి, ఎంఎస్‌ఏలో చాలావరకు తినవు. ఎంఐబీజీ అనే ఆ పరీక్షకు 2015లో అంతర్జాతీయ నిపుణుల సంఘం ఇచ్చిన నిర్ధారణ సూత్రాల్లో కూడా చోటు దక్కింది. అదే సూత్రాల ప్రకారం డోపమైన్ స్కాన్ నార్మల్‌గా ఉంటే అది పార్కిన్సన్స్ కాదనే అనుకోవాలి. అయితే అందరికీ ఆ స్కాన్ చేయాలని మాత్రం ఆ సూత్రాలు చెప్పలేదు.

ప్రతి ఏటా స్కాన్ తీస్తే జబ్బు ఎంత ముదిరిందో తెలుస్తుందా?

షుగర్‌కు మూడు నెలల పరీక్షలా దీనికీ ఏదైనా ఉంటుందని ఆశ పడటం సహజం. పరిశోధకులు కూడా అలాగే ఆశపడ్డారు. 2004లో వెలువడ్డ ఎల్డోపా అనే అధ్యయనం ఆ ఆశను తికమకలో పడేసింది. అమెరికా, కెనడాల్లో అప్పుడే జబ్బు తేలిన 361 మందికి 40 వారాలు లెవోడోపా మూడు మోతాదుల్లోనో, ఉత్తుత్తి మాత్రనో ఇచ్చారు. మందు వేసుకున్న వాళ్ల కదలికలు మెరుగ్గా ఉన్నాయి, మందు ఆపి రెండు వారాలైనా మెరుగ్గానే ఉన్నాయి. కానీ స్కాన్ ఎదురు చెప్పింది. ఎక్కువ మోతాదు వేసుకున్న వారిలో స్కాన్ వెలుగు సుమారు 7 శాతం తగ్గితే, ఉత్తుత్తి మాత్ర వారిలో ఒక శాతం పైచిలుకే తగ్గింది. మనిషి బాగున్నాడు, బొమ్మ చెడింది. దేన్ని నమ్మాలి?

లెవోడోపా మెదడును చెడగొడుతుందని కంగారు పడకండి. ఆ మందు స్కాన్ పట్టుకునే డోపమైన్ ట్రాన్స్‌పోర్టర్ల సంఖ్యను మార్చి ఉండొచ్చన్నది ఒక వివరణ. ఆ తర్వాత నెదర్లాండ్స్‌లో 445 మందితో చేసి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, లెవోడోపా ముందే మొదలుపెట్టిన వాళ్లకూ, 40 వారాలు ఆగి మొదలుపెట్టిన వాళ్లకూ 80 వారాల తర్వాత తేడా కనిపించలేదు. అంటే మందు జబ్బును ఆపలేదు, పెంచనూ లేదు.

ఎల్డోపాలోనే ఇంకో విషయం బయటపడింది. స్కాన్ తీసిన 142 మందిలో 21 మందికి కామాలు పూర్తిగా నార్మల్. నిపుణులే పరీక్షించి పార్కిన్సన్స్ అని చేర్చుకున్న వాళ్లు వీళ్లు! ఇలాంటి వారిని తర్వాత గమనిస్తే ఎక్కువ మందికి అసలు పార్కిన్సన్సే కాదని తేలుతూ వచ్చింది.

మీ నాన్నగారి విషయంలో దీని అర్థం ఇదీ: జబ్బు ఎంత ముదిరిందో చూడటానికి ప్రతి ఏటా ట్రోడాట్ అక్కర్లేదు. రెండు స్కాన్‌ల మధ్య తేడాలో జబ్బు వాటా ఎంత, మందు వాటా ఎంత, యంత్రం వాటా ఎంతో ఒక్క మనిషి విషయంలో విడదీయలేరు. మాత్ర ఎన్ని గంటలు పనిచేస్తోంది, ఎప్పుడు దిగిపోతోంది, ఎన్నిసార్లు పడ్డారు, అన్నం ఎంతసేపు తింటున్నారు అని ఓ నోటుబుక్కులో అమ్మ రాసిపెట్టేదే డాక్టర్‌కు ఎక్కువ పనికొస్తుంది.

స్కాన్‌తో జబ్బు నడకను కొలిచే ప్రయత్నాలు మాత్రం ఆగలేదు. సబ్‌స్టాన్షియా నైగ్రాకు ఆ నల్లరంగునిచ్చే న్యూరోమెలనిన్‌ను ఎంఆర్‌ఐలో చూపే పద్ధతిని 2006లో జపాన్ వైద్యులు ప్రచురించారు. జబ్బుతో పాటు ఆ వెలుగు తగ్గుతుంది. ఇంజెక్షన్ అక్కర్లేదు, రేడియేషన్ లేదు. అదే చోట కణాలు పోయిన ఖాళీలో చేరే నీటిని కొలిచే పద్ధతి మీద అమెరికాలోని ఫ్లోరిడా యూనివర్సిటీ బృందం పనిచేస్తోంది. 2025లో వాళ్లు 3 టెస్లా ఎంఆర్‌ఐకి కంప్యూటర్ విశ్లేషణ జోడించి ముగ్గురు దాయాదులను విడదీయడంలో మంచి ఫలితాలు చూపించారు. జబ్బుకు మూలమైన ఆల్ఫా సిన్యూక్లిన్ ముద్దలను నేరుగా చూపే పెట్ మందు కోసం కూడా వెతుకులాట సాగుతోంది. అలాంటి ఒక మందుతో ఎంఎస్‌ఏ రోగుల మెదడులో అవి కొంత కనిపించాయని 2023లో ప్రచురించారు. ఇవేవీ రేపు కాకినాడలో మీకు రాసే పరీక్షలు కావు. ఎవరైనా ‘ఏఐతో పార్కిన్సన్స్ పట్టేస్తాం’ అని ప్యాకేజీ అమ్మితే ముందు మీ న్యూరాలజిస్టును అడగండి.

రాయవరం నుంచి బయల్దేరే ముందు

ముందు మీ ఫోన్ తీయండి. నాన్నగారిని కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు ఒళ్లో పెట్టించి, వంద నుంచి వెనక్కి లెక్కపెట్టమనండి. అర నిమిషం వీడియో చాలు. దాగి ఉన్న వణుకు అప్పుడు బయటపడుతుంది. తర్వాత రెండు చేతులతో విడివిడిగా వేళ్లు కొట్టించండి. వరండాలో అటు నడిచి, తిరిగి ఇటు రమ్మనండి, ఆ తిరగడం ముఖ్యం. ఓ కాగితం మీద నాలుగు లైన్లు రాయించండి. నిద్రలో అరుస్తున్నారా అన్నది అమ్మను విడిగా అడగండి, నాన్నకు అది తెలియదు. గత ఏడాదిగా వాడిన ప్రతి మాత్ర పట్టీని, గ్యాస్ మాత్రతో సహా, ఒక కవర్లో వేయండి.

దీనితో ముందు న్యూరాలజిస్టును కలవాలి, స్కాన్ సెంటర్‌ను కాదు. దగ్గర్లో పెద్ద ప్రభుత్వ ఆస్పత్రి అంటే కాకినాడలో రంగరాయ మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న సర్వజన ఆస్పత్రి. విశాఖలో కేజీహెచ్ ఉంది. న్యూరాలజీ ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో ముందే కనుక్కుని వెళ్లండి, లేకపోతే ఓ రోజు కూలి, బస్సు చార్జీ దండగ. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి ఈ-సంజీవని ద్వారా వీడియోలో స్పెషలిస్టుతో మాట్లాడే వీలు కూడా అడిగి చూడండి.

ట్రోడాట్ లాంటివి అవసరమని డాక్టర్ రాస్తే అప్పుడు హైదరాబాద్ గురించి ఆలోచించండి. పంజాగుట్టలోని నిమ్స్‌లో న్యూక్లియర్ మెడిసిన్ విభాగం ఉంది, పార్కిన్సన్స్ రోగులను ఏళ్లుగా చూస్తున్న న్యూరాలజీ బృందం ఉంది, మెదడులో ఎలక్ట్రోడ్లు అమర్చే డీబీఎస్ ఆపరేషన్ కూడా అక్కడ చేస్తారు. ఆ ఆపరేషన్‌కు ముందు తీసే ఎంఆర్‌ఐ వేరే పని కోసం: ఎలక్ట్రోడ్ ఏ దారిలో, ఎంత లోతుకు దిగాలో గీసుకోవడానికి. తిరుపతి స్విమ్స్‌లోనూ న్యూక్లియర్ మెడిసిన్ విభాగం ఉంది. ఫలానా పరీక్ష ఏ వారంలో చేస్తారో, ఎంత కట్టాలో ఫోన్ చేసి కనుక్కున్నాకే రాజమండ్రిలో రాత్రి రైలెక్కించండి. పాత ఎంఆర్‌ఐ ఉంటే రిపోర్టు కాగితం చాలదు, సీడీ కూడా పట్టుకెళ్లండి. కొత్తగా ఎంఆర్‌ఐ తీయించాల్సి వస్తే 3 టెస్లాలో, ఎస్‌డబ్ల్యూఐతో తీస్తారా అని అడగండి. చాలాసార్లు రెండో స్కాన్ ఖర్చు అక్కడే మిగులుతుంది.

డబ్బు సంగతి. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంది కదా అని ఓపీలో తీసే ఈ స్కాన్‌లు ఉచితమనుకుని బయల్దేరకండి. మీ కేసుకు వర్తిస్తుందో లేదో ఆస్పత్రిలోని పథకం హెల్ప్‌డెస్క్‌లో రాతపూర్వకంగా అడగండి. 70 ఏళ్లు దాటిన వారికి ఆదాయంతో సంబంధం లేకుండా 5 లక్షల రూపాయల ఆయుష్మాన్ భారత్ కవరేజీ 2024 అక్టోబర్ 29న మొదలైంది. అది కూడా ప్రధానంగా ఆస్పత్రిలో చేరి పొందే చికిత్సలకు. మందు మాత్రం భారం కాదు. లెవోడోపా, కార్బిడోపా కలిసిన మాత్ర జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉంది, దాని ధరకు ప్రభుత్వ నియంత్రణ ఉంది.

చివరగా చాలామందికి తెలియనిది ఒకటి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో పార్కిన్సన్స్ పేరు కూడా ఉంది. సదరం శిబిరానికి వెళ్లి ధ్రువపత్రం తీసుకోవచ్చు. 40 శాతం, ఆపై వైకల్యం ఉందని తేలితే, మిగతా అర్హతలు కూడా ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 6,000 రూపాయల పింఛనుకు దరఖాస్తు చేయొచ్చు. అక్కడ డాక్టర్లు చూసేది మనిషి ఏ పని చేసుకోగలుగుతున్నాడు, ఏది చేసుకోలేకపోతున్నాడు అన్నది. ట్రోడాట్ బొమ్మ ఎంత ఎర్రగా, ఎంత నల్లగా ఉందన్న దాన్ని బట్టి శాతం వేయరు. కాబట్టి ఆ శిబిరం కోసమని కొత్త స్కాన్ తీయించకండి. న్యూరాలజిస్టు రాసిన కేస్ షీట్, మందుల చీటీలు, ఆధార్ పట్టుకెళ్లండి. స్లాట్ కోసం గ్రామ సచివాలయంలో ముందే పేరు నమోదు చేయించాలి. శిబిరం రోజున ఉదయం మాత్ర ఏ టైముకు వేసుకున్నారో కూడా డాక్టర్‌కు చెప్పండి. మాత్ర పనిచేస్తున్న గంటలో చూసిన మనిషి, అది దిగిపోయాక ఇంట్లో మీరు చూసే మనిషి ఒకలా ఉండరు.